బండి ఎవరి పేరున ఉంది

శుక్రవారం పొద్దున్నే మా పక్కింటి అమ్మాయి బండి తుడుస్తుంది. శ్రీసిటీలో నైట్ షిఫ్ట్ ముగించుకుని, కంపెనీ బస్సు హైవే మీద దింపేస్తే, తడ బజారు దాటి మా వీధిలోకి నడిచి వచ్చేసరికి ఏడు దాటుతుంది. నిద్ర కళ్ళతోనే వాకిలి చిమ్మి, నీళ్ళు చల్లి, నాలుగు గీతల ముగ్గు పడేసి, పాత నైటీ చింపిన గుడ్డ ఒకటి పట్టుకుని కానుగ చెట్టు కిందకి పోతుంది. అక్కడ ఒక స్ప్లెండర్ స్టాండు వేసి ఉంటుంది. సీటు మీద రాలిన పూలు దులుపుతుంది. ట్యాంకు తుడుస్తుంది. అద్దాల మీద నోటితో ఊది రుద్దుతుంది. చివరికి హెడ్‌లైటు పైన ఇంత కుంకుమ బొట్టు పెట్టి లోపలికి పోయి పడుకుంటుంది. ఆ బండి నడిపే మనిషి ఆ ఇంట్లో లేడు. ముందు చక్రంలో గాలి కూడా లేదు. హ్యాండిల్‌కి తగిలించి ఉన్న అతని హెల్మెట్‌లో ఒకసారి పిచ్చుక గడ్డిపోచలు పేర్చబోతే, వాటిని తీసేసి, హెల్మెట్ కడిగి ఆరబెట్టి, మళ్ళీ అదే హ్యాండిల్‌కి తగిలించింది. మేడ మీద బట్టలు ఆరేసుకుంటూ ఇదంతా చూస్తుంటాను. చూడకూడదనుకుంటాను, చూస్తాను. వదిలేసి పోయినవాడి బండికి వారం వారం బొట్టు పెట్టడం ఏమిటి? ఎదురుచూపా? అలవాటా? పోయినవాడు పోయాడని ఊరంతటికీ తెలిసినా ఆమె చేతికి మాత్రం ఇంకా తెలియలేదా?

అతను ఎట్లా పోయాడో చెప్పాలంటే పెద్ద కథేమీ లేదు. అదే నాకు విచిత్రంగా ఉంటుంది. 2017 జూలైలో జీఎస్టీ రాకముందు తడ అంటే చెక్‌పోస్టే. లారీలు కిలోమీటర్ల పొడవున నిలబడేవి. వాటి బిల్లులు రాసిపెట్టేవాళ్ళు, డ్రైవర్లకు టీలు అమ్మేవాళ్ళు, టైర్లకు గాలి కొట్టేవాళ్ళు, సగం ఊరు ఆ ఆగిన లారీల మీద బతికేది. ఆ అబ్బాయీ అక్కడే బిల్లులు రాసేవాడు. లారీలు ఆగడం మానేశాక గుమ్మిడిపూండిలో ఏదో గోడౌన్ పని చూసుకున్నాడు. తడ తర్వాత ఆరంబాకం, ఎళావూరు, దాని తర్వాత గుమ్మిడిపూండి. మూడో స్టేషను. రాష్ట్రం మారుతుందే గానీ లోకల్ రైల్లో ఎంతసేపని? మొదట రోజూ వచ్చేవాడు, తర్వాత ఓవర్‌టైం అని రెండు రోజులకోసారి, ఆపైన ఆదివారాలు. ఒకరోజు ఈ అమ్మాయి ఇంట్లో ఫోన్లకు రీచార్జ్ చేయించడానికి కొట్టుకు పోతే, అక్కడి కుర్రాడు ఏ పాపమూ ఎరగనట్టు "అన్న రెగ్యులర్‌గా వేయించే మూడో నంబరుకి కూడా వేసేయమంటారా అక్కా?" అని అడిగాడట. అంతే. ఉత్తరం దొరకడం, చొక్కాకు అత్తరు వాసన తగలడం లాంటివేం జరగలేదు. ఆ మూడో నంబరు ఎవరిదో తెలుసుకోవడానికి ఆమెకు వారం పట్టింది. అతను ఒప్పుకోవడానికి అంత సేపు కూడా పట్టలేదట. అడిగితే తల దించుకుని "అవును" అన్నాడట. ఆ "అవును"లో తప్పు చేసిన బాధ కన్నా దాచే పని తప్పిందన్న నెమ్మదే ఎక్కువ కనిపించిందని చెప్పింది. అబద్ధం ఆడి ఉంటే కాస్త కోపమన్నా వచ్చేదేమో.

పెద్దలు వచ్చారు. రాకుండా ఉంటారా? ఆమె పెద్దమ్మ ఒకావిడ, మంచిదే, ఈ అమ్మాయి కూతురికి మురుకులు కూడా తెచ్చింది, వరండాలో కాళ్ళు చాపుకుని కూర్చుని "ఏడుకొండలవాడికే ఇద్దరు పెండ్లాలు మే, మన మగోళ్ళు ఏపాటి?" అంది. ఈ మాట మా వైపు ఎన్ని వరండాల్లో విన్నానో. దేవుడి పెళ్ళి జరిగిందని చెప్పుకునే నారాయణవనం మాకేమీ దూరం కాదు. నాగలాపురం మీదుగా పోతే పుత్తూరు పక్కనే. ఆకాశరాజు కూతురు పద్మావతితో శ్రీనివాసుడి పెళ్ళి, ఆ పెళ్ళికి కుబేరుడి దగ్గర చేసిన అప్పు, అన్నీ మా పిల్లలకు పాఠం చెప్పకుండానే వస్తాయి. పెద్దమ్మలు వదిలేసే సగం ఒకటుంది. భృగువు తన్నింది విష్ణువు వక్షస్థలాన్ని, అంటే లక్ష్మి ఉండే చోటుని. ఆయన ఆ కాలు పట్టుకుని ఒత్తాడు. ఆమె ఊరుకోలేదు. లేచి వైకుంఠం వదిలి కొల్హాపురం పోయింది. ఆ అవమానం వేరే రకందే, నిజమే. అయినా కథ మొదలవడమే భార్య ఇల్లు వదిలిపోవడంతో కదా. ఆమె పోబట్టే కదా ఆయన వైకుంఠం దిగి కొండకు వచ్చింది. స్వామికి ఇద్దరున్నారని చెప్పే నోళ్ళు లక్ష్మి నడిచిపోయిందని ఎందుకు చెప్పవు? తిరుమల గుడిలోకి అడుగుపెడితే కృష్ణదేవరాయల లోహ విగ్రహం చేతులు జోడించుకుని ఉంటుంది, చెరో పక్కన తిరుమలదేవి, చిన్నాదేవి. క్యూలో నిలబడినప్పుడు నా చూపు రాయల మీద ఆగదు. ఆ ఇద్దరి ముఖాల వైపే పోతుంది. ఆ విగ్రహాలు చేసినవాడు ముగ్గురికీ ఒకే ప్రశాంతత ఇచ్చాడు.

మా మేనత్తది నాగలాపురం. మామకు పుత్తూరులో ఇంకో ఇల్లుండేది. ఆ సంగతి ఇంట్లో ఎవరూ పేరు పెట్టి అనేవాళ్ళు కాదు. "పుత్తూరుకు పోయినాడు" అంటే చాలు, అర్థమైపోయేది. పుత్తూరు అనేది ఊరి పేరుగా కాక ఒక మనిషి పేరుగానే నాకు చిన్నప్పుడు తెలుసు. అత్త వేసవిలో ఆవకాయ పెట్టి రెండు జాడీలకెత్తేది. ఒకటి ఇంటికి, ఒకటి మామ సంచిలో పుత్తూరుకు. "ఎందుకత్తా వాళ్ళకు?" అని నేను అడిగితే "దండిగా పెట్టినా కదే, చెడిపోతాది" అనేది. మామ పోయాక పెద్దకర్మ రోజున ఆ పుత్తూరు మనిషి వచ్చి గేటు దగ్గర నిలబడింది. లోపలికి రావాలా వద్దా అని తెలియక చెంగు నలుపుతూ ఉంది. అత్త నా చేతికి చెంబుతో నీళ్ళిచ్చి పంపింది. కాసేపటికి ఇద్దరూ ఒకే చాప మీద కూర్చున్నారు. ఆ రోజు బంధువులందరూ అత్త పెద్దమనసు గురించి ఒకటే పొగడ్త. నేనూ చాలా ఏళ్ళు అదే నమ్మాను. ఇప్పుడు, కానుగ చెట్టు కింద ఈ పిల్లను చూస్తుంటే, నమ్మకం కొంచెం సడలుతోంది. అత్త పేరున సెంటు భూమి లేదు. చేతిలో పని లేదు. అన్నదమ్ములు, అందులో మా నాన్న కూడా ఒకరు, పండక్కి చీర పెట్టేవాళ్ళే గానీ "వచ్చేసేయ్" అన్న మాట ఒక్కరి నోట రాలేదు. పోవడానికి చోటు లేనివాళ్ళ ఓర్పును పెద్దమనసు అనడం మనకు చాలా చవగ్గా పడే పొగడ్త. అట్లాగని ఆ ఆవకాయ జాడీలో ప్రేమ లేదనగలనా? అదీ అనలేను. రెండో జాడీలో కూడా నూనె సమంగానే పోసేది. నేను చూశాను.

పుస్తకాల్లో ఏమన్నా దొరుకుతుందేమోనని వెతకడం నాకు పాత జబ్బు. భరతుడు నాట్యశాస్త్రంలో నాయికల్ని ఎనిమిది రకాలుగా విడదీశాడు. ఒకామె వాడొస్తాడని ఇల్లూ ఒళ్ళూ సింగారించుకుంటుంది. ఒకామె ఇంకా రాలేదే అని వేగిపోతుంది. ఒకామె రమ్మన్న చోటికి పోయి మోసపోతుంది. ఒకామె చీకట్లో తానే బయలుదేరుతుంది. ఒకామె భర్త దూరదేశం పోయాడు. ఖండిత అయితే రాత్రంతా ఎక్కడో గడిపి తెల్లారి ఒంటి మీద గుర్తులతో వచ్చినవాణ్ణి గుమ్మంలోనే నిలదీస్తుంది. కలహాంతరిత వాణ్ణి తిట్టి పంపేసి ఆ తర్వాత తానే ఏడుస్తుంది. వాడు చెప్పుచేతల్లో ఉండి సుఖపడేది ఎనిమిది మందిలో ఒక్కతే. ఎంత సూక్ష్మంగా చూశాడు మహానుభావుడు! అయినా ఎనిమిది మందికీ కొలబద్ద ఒకటే. వాడు వచ్చాడా, రాలేదా, వస్తాడా. వాడు రాకపోయినా ఫరవాలేదని తలుపు దగ్గరకు వేసుకుని, మర్నాడు పనికి పోయిన ఆడది ఆ లెక్కలోకి రాలేదు. ఆమెను ఏ ముద్రతో అభినయిస్తారు, ఏ రాగంలో పాడతారు అంటారా? అదీ నిజమే. పనికి పోయే మనిషిలో రసం ఏముంటుంది అనుకుని ఉంటారు.

అన్నమయ్యకు ఖండిత బాగా తెలుసు. 1922లో తిరుమల గుడిలో బయటపడిన ఆ రాగిరేకుల్లో అలమేలుమంగ పడే అలకలు, వేసే ఎత్తిపొడుపులు, చెలికత్తెలతో చెప్పించే దెప్పులు చదువుతుంటే ఒక మగవాడికి ఇంత ఎట్లా తెలిసిందా అనిపిస్తుంది. ఆయనకూ ఇద్దరు భార్యలని చెబుతారు, తిమ్మక్క, అక్కలమ్మ. ఆ తిమ్మక్కనే తొలి తెలుగు కవయిత్రి అంటారు. ఆమె రాసింది సుభద్రా కల్యాణం. నాకు అక్కడ మనసు చిక్కుకుంటుంది. సవతి ఉన్న ఇల్లాలు, ద్రౌపది ఉండగా అర్జునుడు చేసుకున్న పెళ్ళిని ఎంచుకుని ముచ్చటగా మంజరీ ద్విపదలో చెప్పింది. అంతా వేడుకేనా? మంగళహారతుల మధ్య ఎక్కడైనా ఒక్క క్షణం ఇంద్రప్రస్థంలో ఉన్న ఆవిడ గుర్తుకొచ్చి గంటం ఆగిందా? అయిదొందల ఏళ్ళ కిందటి ఇల్లాలి మీద నా కాలపు బాధ రుద్దుతున్నానేమో. రుద్దకుండా చదవడం నాకు చేతకాదు.

నంది తిమ్మన సత్యభామ మరీ ధైర్యవంతురాలు. కాళ్ళ మీద పడ్డ కృష్ణుడి తలను ఎడమకాలితో తన్నింది. మన సాహిత్యంలో మోసపోయిన ఆడదానికి దక్కిన గొప్ప క్షణం అదేనంటారు. తన్నాక ఏమైంది? పారిజాతం చెట్టే పెరట్లోకి వచ్చింది. కోపం చల్లారింది. పద్దెనిమిదో శతాబ్దంలో తంజావూరులో ముద్దుపళని రాసిన కావ్యంలో రాధ తాను పెంచిన ఇళను తానే కృష్ణుడికిచ్చి పెళ్ళి చేసి, ఆ తర్వాత గుండె పగిలి ఏడుస్తుంది. ఆ ఏడుపు ఎంతో నిజంగా ఉంటుంది. బెంగుళూరు నాగరత్నమ్మ 1910లో ఆ కావ్యాన్ని అచ్చు వేయిస్తే అశ్లీలమని ప్రభుత్వం నిషేధం పెట్టేదాకా పోయింది. అయినా కావ్యం పేరే రాధికా సాంత్వనం. అంటే చివరకు ఓదార్పే. సరిగ్గా అదే 1910లో గురజాడ దిద్దుబాటు అచ్చయింది. సానిమేళాలకు పోయి అర్ధరాత్రి ఇంటికి చేరిన గోపాలరావుకు భార్య కనిపించదు, ఉత్తరం కనిపిస్తుంది. వెళ్ళిపోతున్నానని. మనవాళ్ళు ఆధునిక కథ మొదలైందని చెప్పుకునే చోట ఒక ఆడది మొగుణ్ణి వదిలి పోయింది! ఎంత బాగుండేది. కానీ కమలిని ఎక్కడికీ పోలేదు, మంచం కింద దాక్కుంది. నవ్వింది. మొగుడికి బుద్ధి వచ్చింది. బడిలో పాఠం చెప్పినన్నాళ్ళూ ఆ నవ్వు దగ్గర పిల్లలతో పాటు నేనూ నవ్వాను. ఇప్పుడు మాత్రం అనిపిస్తుంది, మంచం కింద చీకట్లో, దుమ్ములో, ఊపిరి బిగబట్టుకుని వాడెప్పుడొస్తాడా అని ఎంతసేపు పడుకుందో పాపం.

ఆ తర్వాత గడప దాటినవాళ్ళు వచ్చారు. రంగనాయకమ్మ నవలలో జానకి, ఓల్గా నవలలో అరుణ. వాళ్ళ పోరు పరస్త్రీ గురించి కాదు, మొగుడి పెత్తనం గురించి. వాళ్ళు లేకపోతే మా తరం గుంజాటన మాకే అర్థమయ్యేది కాదు. అయినా నాకొక కొరత మిగిలే ఉంది. అలిగి తన్నే సత్యభామ ఉంది, తలుపు ధడాలున వేసి పోయే నాయిక ఉంది. వదిలేసిన ఏడాది తర్వాత బియ్యం కార్డులో వాడి పేరు ఏం చేయాలో ఆలోచించే ఆడది ఏ పేజీలో ఉంది?

ఒకరోజు ఉండబట్టలేక అడిగేశాను. "ఏందమ్మే, ప్రతి శుక్రవారం ఆ బండిని అట్లా తుడుస్తావు?" ఆమె గుడ్డ పిండుకుంటూ నా వైపు వింతగా చూసింది. "ఈఎంఐ అంతా నేను కట్టిందే కదక్కా. తుప్పు పడితే రేటు పడిపోతాది. అమ్ముదామంటే ఆర్‌సీ ఆయన పేరున ఉండాది. ఫోన్ చేస్తే వస్తా వస్తా అంటాడే గానీ రాడు." అంతేనా? "మరి కుంకుమ?" అన్నాను. "శుక్రవారం కదక్కా" అంది. నేను అల్లుకున్న విరహమంతా ఒక్క రేటు మాటతో పోయిందని చెప్పి ఇక్కడ నవ్వేయవచ్చు. నాకు పూర్తిగా నవ్వు రాలేదు. అమ్మేసే సరుకుకు ఎవరైనా బొట్టు పెడతారా? పెడతారేమో కూడా. సంతకు తోలుకుపోయే ఆవుకు పెట్టరూ? ఆమె చెప్పిన కారణం నిజమే, చెప్పని కారణం కూడా ఆ గుడ్డలో ఎక్కడో ఉంది. రెండూ కలిపి పిండుతోంది.

బండి చేతులు మారాలంటే 29, 30 నంబర్ల ఫారాలుంటాయి. ఆర్‌సీలో ఎవరి పేరుంటే వాళ్ళ సంతకం పడాలి. డబ్బు కట్టింది ఎవరని ఆ కాగితాలు అడగవు. చివరకు ఒక ఆదివారం అతను లోకల్ దిగి వచ్చాడు. ఎండలో నడిచి వచ్చినట్టున్నాడు, చొక్కా వీపంతా తడిసిపోయింది. బండి సీటు మీదే కాగితాలు పరిచి సంతకాలు పెట్టాడు. పెన్ను ఒకచోట సరిగ్గా పడకపోతే సీటు మీద గీకి మళ్ళీ రాశాడు. ఆమె స్టీలు గ్లాసులో టీ ఇచ్చింది. ఆరో తరగతి చదివే పాప లోపల్నుంచి రాలేదు. పోతూ పోతూ హెల్మెట్ అడిగాడు. ఇచ్చేసింది. వరదయ్యపాళెం నుంచి ఎవరో వచ్చి బండిని టెంపోలో ఎక్కించుకుని పోయారు. నేను మేడ మీద నుంచి ఏదో జరుగుతుందని, ఒక మాటో ఒక ఏడుపో వస్తుందని ఎదురుచూశానని ఒప్పుకోవాలి. చూసేవాళ్ళకు నాటకం కావాలి. వాళ్ళకు సంతకాలు కావాలి.

ఏడుపు తర్వాత వచ్చింది, ఎవరూ అనుకోని చోట. ఆమె ఫోన్‌లో అతని నంబరు కూడా కలిపి ఉండేదట, రేపటితో మీ ప్లాన్ గడువు ముగుస్తుందని మెసేజ్ వచ్చింది. బండి అమ్మేసింది, బీరువాలో అతని బట్టలు కట్ట కట్టి పంపేసింది, అద్దె ఒప్పందం తన పేరున రాయించుకుంది. అంత చేసిన మనిషి ఆ మెసేజ్ చూసి ఆలోచించకుండా ఇరవై ఎనిమిది రోజులకు రీచార్జ్ చేసేసింది! చేశాక తెలిసింది ఏం చేసిందో. మా వంటింట్లోకి వచ్చి, తిరగమోత పెడుతున్న నా వెనక నిలబడి, "చూడక్కా, వాళ్ళిద్దరూ మాట్లాడుకోను నేనే దుడ్లు కట్టినా" అని నవ్వుతూ మొదలుపెట్టింది. ఆ నవ్వు ఎక్కడ ఏడుపైందో చెప్పలేను. పోపు మాడిపోయింది.

2010లో అచ్చయిన ఒక పరిశోధనలో, అమెరికాలో హెలెన్ ఫిషర్ అనే ఆవిడ, ఆమె సహచరులు, ప్రేమించినవాళ్ళు వదిలేసిన పదిహేను మందిని ఎమ్మారై యంత్రంలో పడుకోబెట్టి, వదిలేసినవాళ్ళ ఫోటోలు చూపించారు. కొకెయిన్ కోసం అలమటించేవాళ్ళకు మెదడులో ఏ చోట్లు వెలుగుతాయో, వీళ్ళకూ వాటిలో కొన్ని వెలిగాయట. పదిహేను మందే, అదీ పడుచువాళ్ళు. దాన్నుంచి లోకానికంతా సూత్రం లాగడం నాకిష్టం లేదు. అయినా ఆ రాత్రి పడుకోబోతూ అనుకున్నాను, ఈ పిల్ల బుద్ధి ముందు నడుస్తోంది, చెయ్యి దాని వెనక నడుస్తోంది, మనసు ఇంకా ఎళావూరు స్టేషన్లోనే ఉంది, అది వచ్చే రైలు వేరు. ముందు మనసులోంచి తీసేయ్, మిగతావన్నీ అవే సర్దుకుంటాయి అని చెప్పే సలహాదారులకు ఈ వరస తలకిందులుగా కనిపిస్తుంది. నాకైతే ఇదే సరైన వరస అనిపిస్తోంది. కోపం దిగేదాకా, ప్రేమ చచ్చేదాకా ఆగి ఆ తర్వాత ఆర్‌సీ సంగతి చూద్దామనుకుని ఉంటే బండి తుప్పు పట్టి పోయేది. మా మేనత్త ఆగింది. యాభై ఏళ్ళు ఆగింది.

చలికాలంలో మాకు పులికాట్ నిండా ఫ్లెమింగోలు. భీములవారిపాళెం పడవల రేవు దగ్గర ఈ మధ్య పెళ్ళి కాబోయే జంటలు ఫోటోగ్రాఫర్లను వెంటేసుకుని వస్తున్నాయి. వెనకాల గులాబి రంగు గుంపు, ముందు వీళ్ళు. రాజహంసలంటే విడిపోని జంటలని నమ్మకం. ఫ్రాన్స్ దక్షిణాన కమార్గ్ అనే చిత్తడి నేలల్లో ఈ పెద్ద ఫ్లెమింగోలకే కాళ్ళకు గుర్తులు కట్టి ఏళ్ళ తరబడి గమనించినవాళ్ళు తేల్చిందేమిటంటే, అవి దాదాపు అన్నీ ఏడాదికో కొత్త జతను కట్టుకుంటాయని. గుడ్డు పొదిగేటప్పుడు మాత్రం ఇద్దరూ వంతులేసుకుని కదలకుండా కూర్చుంటాయి. పక్షుల్ని చూపించి మనుషులకు నీతి చెప్పడం, మనుషుల్ని వెనకేసుకురావడం రెండూ నాకు రోతే. ఫ్లెమింగో ఎవరికీ మాటివ్వదు, ఎవరి ఈఎంఐ మీదా తిరగదు. ఆ జంటలకు ఈ సంగతి చెప్పాలని నోటిదాకా వస్తుంది. చెప్పను. మంచి రోజున ఎందుకులే.

అతని మీద నాకు కోపం ఉందా అంటే ఉంది. అట్లాగని రాక్షసుడనుకోను. ఇంకొకరితో సంబంధం నేరం కాదని ఇప్పుడు కోర్టే చెప్పింది. 1860 నాటి శిక్షాస్మృతిలో 497 సెక్షన్ అని ఒకటుండేది. భార్యతో సంబంధం పెట్టుకున్న మగవాడి మీద భర్త కేసు పెట్టవచ్చు. భర్త ఇంకొకరితో పోతే భార్య ఎవరి మీదా పెట్టలేదు. పైగా భర్త ఒప్పుకుంటే అసలు నేరమే లేదు! చేను గట్టు తగాదాలో ఫిర్యాదు చేసే హక్కు చేనుకుండదు కదా, ఆ లెక్క. 2018 సెప్టెంబరు 27న సుప్రీంకోర్టు అయిదుగురు జడ్జిల ధర్మాసనం దాన్ని కొట్టేసింది. ఆ రోజు టీవీ ముందు కూర్చుని "ఇక ఎవడైనా ఏమైనా చేయవచ్చన్నమాట" అని గొంతు చించుకున్న మగవాళ్ళను చూశాను. ఆ సెక్షన్ ఆడదాని కోసం ఎప్పుడూ లేదన్నది వాళ్ళకు పట్టలేదు. విడాకులకు మాత్రం అది ఇప్పటికీ కారణమే. 1955 హిందూ వివాహ చట్టంలో ఉంది. రెండేళ్ళు వదిలేసి ఉండటం ఇంకో కారణం. ఈ అమ్మాయి ఇంకా కోర్టుకు పోలేదు. పోదేమో కూడా. సాక్ష్యాలంటూ ఆ మూడో నంబరు మనిషిని బోనులో నిలబెట్టడం తనకిష్టం లేదంది. "ఆమెకు నేనున్నట్టు మొదట్లో చెప్పనే లేదంటక్కా" అంది. ఎవరు చెప్పారో, ఎట్లా తెలిసిందో నేను అడగలేదు.

మొన్న ఒక సాయంత్రం షిఫ్టుకు పోయే ముందు ఒక కాగితం తెచ్చింది. ఆఫీసులో పీఎఫ్ నామినీ వివరాలు సరిచూసుకోమన్నారట, భర్త పేరు తీయొచ్చా అని అనుమానం. ఇంగ్లీషు చదివి చెప్పక్కా అంది. ఈపీఎఫ్ పథకం 1952 నాటిది. కుటుంబం అంటే ఎవరెవరో చెప్పే చోట ఎప్పుడైనా చదివారా మీరు? నేను మూడుసార్లు చదివాను, నమ్మకం కుదరక. ఉద్యోగి స్త్రీ అయితే, నా భర్తను నా కుటుంబం నుంచి మినహాయించదలచాను అని కమిషనర్‌కు రాసి ఇస్తే చాలు. ఆ పథకం వరకు అతనూ, అతని మీద ఆధారపడ్డ తల్లిదండ్రులూ ఆమె కుటుంబం కారు. మళ్ళీ ఆమే రాతపూర్వకంగా రద్దు చేసుకుంటే తప్ప. కారణం చూపాలని లేదు. సాక్షులు అక్కర్లేదు, అతని సంతకం అక్కర్లేదు. మగ ఉద్యోగికి ఈ వెసులుబాటు లేదు. భార్యకు తన నుంచి మనోవర్తి పొందే హక్కు పోయిందని అతను రుజువు చేసుకోవాలి. దేవుడి కథలోనూ కావ్యంలోనూ నేను వెతికిన ఆడది ప్రావిడెంట్ ఫండ్ నిబంధనల్లో ఇంత స్పష్టంగా కూర్చుని ఉంటుందని ఎవరనుకుంటారు! రద్దు చేసుకునే దారి కూడా ఆమె చేతిలోనే పెట్టారు చూడండి, రాసినవాడెవరో మనుషుల్ని ఎరిగినవాడు. ఇది విడాకులు కాదు, ఆస్తి పంపకం కాదు, గుండెలో ఉన్నదాన్ని ఇది కదిలించదు. కడుపు కట్టుకుని దాచిన డబ్బు రేపు ఎవరికి చేరాలన్న ఒక్క విషయంలో ఆమె మాటే మాట అవుతుంది, అంతే.

నాలుగు వాక్యాలు తెలుగులో రాసిచ్చాను, ఇంగ్లీషులోకి మార్చి ఇచ్చాను. నామినీగా పాప పేరు రాసింది. ఈ ఊళ్ళో తెల్లారితే కంపెనీ బస్సుల నిండా ఆడపిల్లలే. తడ, సత్యవేడు, వరదయ్యపాళెం, సూళ్లూరుపేట, ఎక్కడ చూసినా నెల నెలా పీఎఫ్ కోత పడే చీటీలు ఉన్నవాళ్ళే. ఆ నిబంధన ఒకటుందని వాళ్ళలో ఎందరికి తెలుసు? మీ ఇంట్లోనో పక్కింట్లోనో అట్లాంటి అమ్మాయి ఉంటే, ఆమె కాపురం చక్కగా ఉన్నా సరే, ఒకసారి ఆ పేరా చదివి వినిపించండి.